జంట ఇంటికి ఊఁ కొట్టినవాడు

జంట ఇల్లు కొనుక్కున్నవాళ్ళ కాపురం ఎలా ఉంటుందో పక్కింటావిడ పూసగుచ్చినట్టు చెప్పిందట. ఆవిడ ఆడపడుచు తోటికోడలు అలాంటి ఇంట్లోనే ఉంటోందట. ఒకే కప్పు, మధ్యలో ఒకే గోడ, అటొక సంసారం, ఇటొక సంసారం. అటువాళ్ళు తమ సగానికి చిలకపచ్చ రంగు వేయిస్తే ఇటువాళ్ళు పంతం పట్టి గులాబీ రంగు వేయించారట. దూరం నుంచి చూస్తే ఇల్లు ఎవరో సగం కొరికి వదిలేసిన మిఠాయిలా ఉంటుందట. ఇక్కడ తుమ్మితే అక్కడినుంచి మందు వేసుకోమని కేక వస్తుందట. అటు పిల్ల ఎక్కాలు బట్టీపడితే ఇటు పిల్లకి వచ్చేశాయట. ఆ ఇంటివల్ల జరిగిన మేలు అదొక్కటేనట. పక్కింటావిడ మాటల్లో సగం కోసి పారేసినా మిగిలిన సగం చాలదా అంటూ, ఆయన భార్య పొయ్యి ముందు నిలబడి ఇదంతా చెప్పింది.

ఆయన గడ్డం గీసుకుంటున్నాడు. ఒక చెంప నున్నగా, రెండో చెంప నురగలో ఉంది. "ఊఁ" అన్నాడు.

ఆ ఊఁ వల్లనే ఆయనకా పేరు. ఆసుపత్రి వెనక బట్టలుతికే షెడ్డులో పై అధికారి దగ్గర్నుంచి మూటలు మోసేవాళ్ళ దాకా అందరూ ఆయన్ని ఊఁగారు అంటారు. వయసొచ్చాక మేనమామ ఈ పనిలో చేరతావా అంటే ఊఁ అన్నాడు. పిల్ల నచ్చిందా అంటే ఊఁ అన్నాడు. నిజంగానే నచ్చింది, నచ్చకపోయినా ఆ మాటే అనేవాడని ఆమెకి కాపురానికొచ్చిన మొదటి నెలలోనే తెలిసిపోయింది. కాదు అనడం చేతకాక కాదు. కాదన్నాక ఎదుటివాడి మొహంలో వచ్చే మార్పు చూడలేడు, అంతే. దానికి భయపడి జీవితంలో ఎన్ని వద్దనుకున్నవి ఇంటికి మోసుకొచ్చాడో లెక్కలేదు. ఏ రెండు కాళ్ళూ సమంగా లేని బల్ల, మొరిగే ఓపిక కూడా లేని కుక్క, ఎవరో అంటగట్టిన ఊదారంగు కోటు.

పెళ్ళయినప్పటినుంచీ వాళ్ళుండేది వరుసగదుల్లో. కుడిగోడ ఒకరితో పొత్తు, ఎడమగోడ ఇంకొకరితో పొత్తు, వెనకగోడ వెనకవీధివాళ్ళతో పొత్తు. అచ్చంగా తమదన్నది వీధితలుపొక్కటే. ఒక్కగానొక్క కూతురు చదువు ముగించి కళ్ళజోళ్ళ దుకాణంలో పనికి కుదిరాక, ఊరి చివర కొత్తగా కడుతున్న ఇళ్ళలో ఒకటి కొనుక్కునే వీలు చిక్కింది.

అక్కడ ఇళ్ళు రెండు రకాలు. నాలుగువైపులా జాగా వదిలి కట్టిన విడి ఇల్లు ఒకటి, మధ్యగోడ పంచుకునే జంట ఇల్లు ఒకటి. విడి ఇంట్లో గదులు కొంచెం ఇరుకు. జంట ఇంట్లో ఒళ్ళు విరుచుకునేంత చోటుంది. నమూనా ఇళ్ళు చూడబోయిన రోజున ఆయన భార్య విడి ఇంటి లోపలికి ముందు అడుగే పెట్టలేదు. అరచెయ్యి గోడకి ఆనించి, ఆ చెయ్యి తీయకుండా ఇంటిచుట్టూ తిరిగివచ్చింది. ఆగి, మళ్ళీ తిరిగింది. ఇళ్ళు కట్టే కంపెనీ మనిషి వంటింటి అలమారాలు చూపిస్తానంటే, అవెక్కడికీ పారిపోవు కదా, తర్వాత చూస్తాలెండి అంది. ఇంటికొచ్చే దారిలో మాత్రం నెమ్మదిగా అంది:

"నవ్వినా ఏడ్చినా ఇన్నేళ్ళూ మొహానికి దిండు అడ్డం పెట్టుకునే చేశాను. ఇక నావల్ల కాదు. నా ఇంటిచుట్టూ నేను తిరగాలి."

ఆయన ఊఁ అన్నాడు.

చిక్కేమిటంటే, అంతకుముందే ఇంకోచోట ఇంకో ఊఁ అనేసి ఉన్నాడు.

షెడ్డులో ఆయనకి జోడీ పొడుగాయన. దుప్పటి మడవాలంటే ఇద్దరు కావాలి. ఒకరు సెలవు పెడితే రెండోవాడు ఉన్నా లేనట్టే. అందుకని జీతం పుస్తకంలో వేరువేరుగా ఉన్నా, మిగతా అన్ని లెక్కల్లోనూ వాళ్ళిద్దరూ ఒకే మనిషి. చుట్టరికం ఏమీ లేదు. ఎవరు మొదలుపెట్టారో గుర్తులేదుగానీ బావా అంటే బావా అనుకుంటారు. పొడుగాయనకి పిల్లల్లేరు. ఇంట్లో ఆయనా భార్యా. జంట ఇంటి ఊహ ఆయనకి పుట్టిందే. అటు సగం నీది, ఇటు సగం నాది, మేస్త్రీని బతిమాలి మధ్యగోడలో ఒక్క ఇటుక చోటు ఖాళీగా వదిలిస్తాను, అందులోంచి పొద్దున్నే పేపరు అందిస్తావు, చదివేసి ఇచ్చేస్తాను అని చెప్పి చెప్పి ఊరించాడు. ఆ సంబరం చూశాక ఊఁ అనకుండా ఎలా ఉంటాడు?

ఇద్దరూ కలిసి సంతకాలు పెడితేనే జంట ఇల్లు ఇద్దరికీ దక్కుతుంది. ఒకరు తప్పుకుంటే ఆ సగంలోకి ముక్కూమొహం తెలియనివాళ్ళెవరో వచ్చి దిగుతారు. గడువు ఇవాళ సాయంత్రం. పని దిగగానే ఇటునుంచి ఇటే ఆ ఇళ్ళ సైటాఫీసుకి పోదామని పొడుగాయన ఎప్పుడో ఖాయం చేశాడు. అంటే ఈలోగా ఊఁగారు నోరు తెరిచి, నేను రావడం లేదు బావా, మా ఆవిడ విడి ఇల్లే కావాలంటోంది అని చెప్పాలి.

రోజూ ఆయన చెప్పులు వేసుకునేటప్పుడు భార్య "చెప్పారా?" అని అడిగేది. వారం రోజులుగా అడగడం మానేసింది. ఇవాళ కూడా అడగలేదు. అన్నం డబ్బా చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. అడిగినప్పటికంటే ఇదే ఎక్కువ గుచ్చుకుంది ఆయనకి.

దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు. బావా, ఒక సంగతి. కాదు, బావా, నువ్వేమీ అనుకోనంటే. అదీ బాగోలేదు. డబ్బా కుడిచేతినుంచి ఎడమచేతికి, ఎడమచేతినుంచి కుడిచేతికి మారుస్తూ నడిచాడు. రోడ్డు దాటబోయి ఆగాడు, ఏమీ రాకపోయినా ఆగాడు, తర్వాత ఏదో వస్తుండగా దాటి తిట్లు తిన్నాడు.

షెడ్డులో అప్పటికే ఆవిరి కమ్మేసింది. పై రేకులనుంచి నీటిబొట్లు మెడమీద పడుతున్నాయి. ఇస్త్రీ చేసే రోలరు అవతలినుంచి తడి దుప్పటి మింగి ఇవతలికి ఎండు దుప్పటి కక్కుతోంది. అది చెయ్యి కాలేంత వేడిగా బయటికి రాగానే చెరో రెండు కొసలూ పట్టుకోవాలి. వెనక్కి జరిగి, బిగలాగి, ఒక్క విదిలింపు విదిలించాలి. ఆ తర్వాత కొసలు జోడించుకుంటూ ఎదురెదురుగా నడవాలి. దగ్గరికి రాగానే పొడుగాయన తన కొసలు ఊఁగారి చేతికిచ్చి, వంగి కింది మడత అందుకుని పైకి లేస్తాడు. మళ్ళీ ఇంకో దుప్పటి. దూరంగా ఉన్నంతసేపూ రోలరు మోతలో ఏమీ వినబడదు. మాట్లాడుకోవాలంటే కొసలు మారే ఆ కాస్త క్షణమే. అందుకే వాళ్ళ కబుర్లన్నీ ముక్కలుముక్కలుగా ఉంటాయి. పొడుగాయన మేనత్త కథ ఒకటి పాత రోలరు కాలంలో మొదలై కొత్త రోలరు వచ్చాక ముగిసింది.

ఇవాళ పొడుగాయన పెద్దగా మాట్లాడటం లేదు. కొసలు అందించి, మొహంలోకి చూసి, ఒక్క లిప్త ఎక్కువ ఆగుతున్నాడు. ఊఁగారికి ఆ ఆగడం కొరడాలా తగులుతోంది. ఈ దుప్పటికి చెప్పేస్తాను అనుకున్నాడు. కలుసుకున్నారు. నోరు తెరిచాడు. "దీని అంచు చిరిగింది" అన్నాడు. పొడుగాయన అంచు చూసి పక్కన పడేశాడు. ఇంకో దుప్పటికి చెప్పబోయి, ఎండ ఎక్కువగా ఉందన్నాడు. మూడోసారి, చెయ్యి కాలిందన్నాడు; నిజంగానే కాలింది, కొసకి బదులు నడుమ పట్టుకున్నాడు. ఇన్నేళ్ళలో అలా పట్టుకోలేదు. మడతలు వంకర పోయి దొంతర ఒకపక్కకి ఒరిగితే పర్యవేక్షకురాలు వచ్చి, ఏమండీ ఊఁగారూ, రాత్రి నిద్రని మడిచి ఎక్కడైనా పెట్టి మరిచిపోయారా అని ఎగతాళి చేసి పోయింది.

మధ్యాహ్నం ఇద్దరూ బాయిలరు గది గోడనీడలో డబ్బాలు విప్పారు. పొడుగాయన నాలుగు ముద్దలు తిని మూత పెట్టేశాడు. గుండె దగ్గర అరచేత్తో రాసుకుంటూ, తిన్నది దిగడం లేదన్నాడు. కాసిన్ని నీళ్ళు తాగి, ఎదురుగా ఆరేసిన రోగుల గౌన్ల వరుసకేసి చూస్తూ అడిగాడు:

"బావా, నాకేమైనా చెప్పాలా?"

మాట గొంతుదాకా వచ్చింది. బావా అన్న మొదటి అక్షరం పెదవులమీద నిలబడింది కూడా. ఊఁగారు ఎదుటిమనిషి మొహం చూశాడు. అలిసిన మొహం, చెమట పట్టిన మొహం. ఆ మొహం మారిపోతుంది అనుకున్నాడు.

"ఏం లేదు" అన్నాడు.

"సరేలే" అన్నాడు పొడుగాయన. డబ్బా పక్కకి జరిపి నవ్వాడు. "సాయంత్రం దాకా టైముందిగా."

తిరిగి పనిలోకి వెళ్ళాక ఊఁగారి కాళ్ళు ఒకచోట నిలవలేదు. అసలు నాకేది కావాలి అని మొదటిసారి తనని తాను అడిగి చూసుకున్నాడు. విడి ఇల్లా, జంట ఇల్లా? అలాంటి ప్రశ్నలకి జవాబు పెట్టుకునే గది ఆయన ఎప్పుడూ కట్టుకోలేదు. ఒకటి మాత్రం తెలుసు. భార్య గోడకి చెయ్యి ఆనించి తిరుగుతుంటే చూడటానికి బాగుంది. ఇటుక లేని కంతలోంచి పేపరు అందివ్వడం తలచుకున్నా బాగుంది. రెండూ ఒకే ఇంట్లో జరగవు.

అప్పుడే మనసు గట్టిపడింది. ఇప్పుడు వచ్చే దుప్పటికి చెప్పేస్తాను, అంచూ లేదు, ఎండా లేదు అనుకున్నాడు. దుప్పటి వచ్చింది. కొసలు పట్టుకుని వెనక్కి జరిగారు. బిగలాగారు. విదిలించారు. తల వంచుకుని, మాటలు లోలోపల చదువుకుంటూ ఊఁగారు ముందుకి నడిచాడు. అవతలినుంచి లాగుడు తగ్గింది. బావ కూడా నడిచి వస్తున్నాడనుకున్నాడు. దుప్పటి మధ్యలో కుంగి నేలకి తగిలింది. తలెత్తి చూస్తే అవతలి కొసలు ఎవరి చేతిలోనూ లేవు. పొడుగాయన మూటల బండికి చేరగిలబడి, దేనికోసమో వెతుకుతున్నవాడిలా కిందకి చూస్తూ, అలాగే మెల్లగా కూర్చుండిపోయాడు.

"బావా" అన్నాడు ఊఁగారు. దుప్పటి వదిలేసి పరుగెత్తాడు.

ఆసుపత్రి నాలుగడుగుల దూరంలోనే ఉన్నా ఏమీ కలిసిరాలేదు. డాక్టరమ్మ వచ్చింది, తోపుడుబల్లమీద లోపలికి తీసుకుపోయారు, కాసేపటికి తలుపు తెరిచి, పోయాడని చెప్పారు. పైన కప్పిన దుప్పటికి మడతల గీతలు ఇంకా నిక్కచ్చిగా కనబడుతున్నాయి. అది పొద్దుట మడిచినదో, నిన్నటిదో. వెనక షెడ్డులో రోలరు మళ్ళీ తిరగడం వినిపించింది. ఎవరో ఇద్దరిని ఆ పనిలో నిలబెట్టారు.

సాయంత్రం వరండా బెంచీమీద పొడుగాయన భార్య కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి ఇప్పుడు ఊరికే కూర్చుంది. ఆవిడ పక్కన ఊఁగారి భార్య, ఆవిడ చెయ్యి తన రెండు చేతుల్లో పెట్టుకుని ఉంది. ఊఁగారు వాళ్ళ ముందు అటూ ఇటూ నడుస్తున్నాడు. కూర్చోమంటే కూర్చున్నాడు, వెంటనే లేచాడు. కిటికీలోంచి రోడ్డు కనిపిస్తోంది. సైటాఫీసు మూసే వేళయింది. బతికుండగా ఇయ్యలేనిది ఇప్పుడైనా ఇచ్చేస్తే బరువు దిగుతుందనిపించింది. భార్య వైపు చూడకుండా, పొడుగాయన భార్య ముందు ఆగి, జీవితంలో మొదటిసారిగా, ఎవరూ అడగకుండా తానుగా ఒక మాట అన్నాడు:

"చెల్లెమ్మా, మేం జంట ఇల్లే తీసుకుంటాం. బావ అనుకున్నట్టే. ఆ సగంలో నువ్వుండు, ఈ సగంలో మేముంటాం. ఆయనకిచ్చిన మాట నేను తప్పను."

ఊఁగారి భార్య పట్టుకున్న చెయ్యి వదలలేదు. తల మాత్రం పక్కకి తిప్పుకుంది.

పొడుగాయన భార్య ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది. ఆవిడ గొంతులో కోపం లేదు.

"ఆయనకి తెలుసన్నయ్యా. మీరు విడి ఇల్లే తీసుకుంటారని, ఆ మాట మీ నోట రాదని వదినే పోయినవారం మా ఇంటికొచ్చి చెప్పి వెళ్ళింది. మీ అంతట మీరు చెప్పేదాకా తెలియనట్టే ఉంటానన్నాడు. ఇవాళ కూడా, చెప్తాడేమో చూద్దాం అనే వెళ్ళాడు."