నీళ్లు పైకొచ్చిన ఊరు

నేను ఒక పొడవాటి కొలత టేపును. దర్జీ మెడలో వేలాడే జాతి కాదు మాది. నా కొసకు ఇత్తడి గుండు ఉంటుంది. బోరుబావిలోకి దింపితే, ఆ గుండు నీటిని తాకగానే పైనున్న నా చక్రం కీచుమని మోగుతుంది. ఎక్కడో చిన్న ఫ్యాక్టరీలో పుట్టి, అనంతపురం జిల్లాలో భూగర్భజలాల మీద పరిశోధన చేసే నళిని చేతికి వచ్చాను.

ఆమె నన్ను చింతరాయిపల్లికి తీసుకెళ్లింది. వానలు మొహం చాటేసిన ఊరు. నీళ్లు అందకపోతే మనుషులు ఇంకో బోరు వేస్తారు. అదీ ఎండితే మరింత లోతుకు వేస్తారు. జేబుకు చిల్లు పడిందని పక్కన ఇంకో జేబు కుట్టించుకున్నట్టు!

హనుమక్క అనే రైతు మాత్రం నళిని మాట చెవిన పెట్టింది. భర్త పోయాక ఒంటిచేత్తో సేద్యం నెట్టుకొస్తున్న మనిషి. కొత్త బోర్లు వద్దు, వరి వద్దు, కొర్రలు వేసుకుందాం, ఉన్న నీళ్లు పంచుకుందాం అని ఇంటింటికీ తిరిగి ఊరిని ఒప్పించింది. అందరూ కలిసి వంకలకు అడ్డుకట్టలు వేశారు. మూడో ఏడు వానలు కాస్త కరుణించాయి. ఆమె బోరులో నేను సగం కూడా దిగకముందే మోగాను. హనుమక్క నా చక్రం మీద చెయ్యి వేసి ఏడ్చింది. నళిని బడి దగ్గర అందరినీ పిలిచి ఆ కబురు చెప్పింది. నేనూ గర్వపడ్డాను.

వారం తిరక్కముందే తిప్పయ్య బత్తాయి తోటలోకి బోరు వేసే లారీ వచ్చింది. హనుమక్క, నళిని పరుగున వెళ్లారు.

"మాటిచ్చింటివి కదా తిప్పన్నా!" అంది హనుమక్క.

"ఇచ్చినా. చీనీచెట్లు ఎండిపోతాంటే చూస్తా ఎట్ల కూకోమంటావు? బిడ్డల మాదిరి సాకినా." అతడు నళిని వైపు తిరిగాడు. "నీళ్లు పైకొచ్చినాయని మీరే చెప్తిరి కదా మేడం!"

అతడన్నది అబద్ధం కాదు. అదే నాకు మింగుడు పడలేదు. తిప్పయ్య వేశాడని పక్క చేనాయన బోరు వేశాడు. తనకు దక్కవేమోనని ఆ పక్కాయనా వేశాడు. వేసవి ముదిరేసరికి హనుమక్క బోరులో నన్ను కొసదాకా దింపారు. అడుగున పొడిమట్టి తప్ప ఏమీ తగల్లేదు. తిప్పయ్య చెట్లూ బతకలేదు.

హనుమక్క కూలిపనికి బెంగళూరు బయలుదేరిన రోజు నళిని బస్సు దాకా వెళ్లింది. నేను ఆమె సంచిలోనే ఉన్నాను. హనుమక్క నిష్ఠూరమాడలేదు. బస్సు కదలబోతుంటే కిటికీలోంచి నళిని చెయ్యి పట్టుకుంది.

"మేడం, ఇంగ వేరే ఊర్లో యాడన్నా నీళ్లు పైకొస్తే... ఎవురికీ చెప్పొద్దండి."

ఇప్పుడు నన్ను నళిని పనిచేసే పరిశోధనశాలలో గాజు బీరువాలో పెట్టారు. చూడవచ్చినవాళ్లకు చింతరాయిపల్లి గురించి వేరేవాళ్లు చెబుతారు. నళిని ఆ గదిలోకి రాదు.