పైనుంచి వచ్చిన ఓకే

మంగళవారం పొద్దున పదీ ఇరవైకి అతని ఫోనుకి జవాబు వచ్చింది. రెండక్షరాలు, పక్కన ఒక చుక్క.

"ఓకే."

అతను కళ్లజోళ్ల దుకాణం వెనక గదిలో కూర్చుని అద్దాల అంచులు అరగదీస్తాడు. వయసు ముప్పై నాలుగు. మూడు వారాలపాటు రాసి, కొట్టేసి, మళ్లీ రాసి, ఆ పొద్దున్నే గుండె చిక్కబట్టుకుని పదకొండు వరుసల సందేశం పంపాడు. డొంకతిరుగుడుగా సాగిన ఆ పదకొండు వరుసల సారం ఒక్కటే: మనం పెళ్లి చేసుకుందామా?

అడిగింది ముక్కూమొహం తెలియని మనిషినేం కాదు. పక్క వీధి చివర పద్నాలుగు అంతస్తుల భవనం కడుతున్నారు. అక్కడ టవర్ క్రేన్ నడిపే అమ్మాయి ఆమె. ఆరు నెలల కిందట దూరపు చూపుకి కళ్లజోడు చేయించుకుంది. కొత్త కళ్లజోడు పెట్టుకుని గుమ్మంలోకి వెళ్లి, తలెత్తి తన క్రేన్‌నే చూసుకుని, "అయ్య బాబోయ్, కొక్కేనికి నంబరు కూడా ఉందే!" అని పకపకా నవ్వింది. తర్వాత మర వదులైందని ఒకసారి వచ్చింది. ముక్కు దగ్గర ఒత్తుతోందని ఇంకోసారి వచ్చింది. మూడోసారి ఏ వంకా లేకుండానే వచ్చింది. ఆ తర్వాత ఆదివారాలన్నీ ఇద్దరూ కలిసి నడవడానికే సరిపోయాయి.

జవాబు చూసుకున్నాక అతనికి కాలు నేల మీద నిలవలేదు. లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. చేతిలో ఉన్న కళ్లజోడుకి ఎడమ అద్దం కుడివైపు, కుడి అద్దం ఎడమవైపు బిగించి, ఎంత బాగా కుదిరిందోనని మురిసిపోయాడు.

దుకాణం వాళ్ల పిన్నిది. ఆవిడ తెర తొలగించి లోపలికి తొంగిచూసింది.

"ఏంట్రా, నీలో నువ్వే నవ్వుకుంటున్నావు? గాలి సోకిందా?"

"పిన్నీ, ఒప్పుకుంది!"

"ఎవరు? క్రేన్ పిల్లా?" ఆవిడ ఒక్క అంగలో వచ్చి అతని వీపు మీద ఛెళ్లున చరిచింది. సంతోషం పట్టలేనప్పుడు ఆవిడ చేసే పని అది. "ఏదీ, ఏం రాసిందో చూపించు."

చూపించాడు. ఆవిడ ఫోను దూరం పెట్టి చూసింది, దగ్గర పెట్టి చూసింది.

"ఇంతేనా? కింద ఇంకేమైనా ఉందేమో జరిపి చూడు."

"ఏం లేదు పిన్నీ."

"ఒట్టి ఓకేనా?" ఆవిడ గొంతు కాస్త దిగింది. "మీ బాబాయ్ కూడా నేనేం చెప్పినా ఓకే అంటాడ్రా. ముప్పై ఏళ్ల కాపురంలో ఆ మాటకి ఒకటే అర్థం. వినలేదని!"

అప్పుడే ముందు గదిలో పరీక్ష కుర్చీలోంచి ఒక గొంతు వినిపించింది. నలభై ఏళ్లు బళ్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మాస్టారు, ముక్కు మీద బరువైన గుండ్రటి పరీక్ష జోడుతో అక్కడ కూర్చుని ఉన్నారు. ఇద్దరూ ఆయన్ని మరిచేపోయారు.

"అమ్మా, ఓకే అనేది ఒక్క మాట కాదమ్మా, ఉమ్మడి కుటుంబం," అన్నారాయన. "అందులో సరే ఉంటుంది, అలాగే ఉంటుంది, మంచిది ఉంటుంది, పర్లేదు ఉంటుంది, చాలు ఉంటుంది. ఫోను పెట్టేసే ముందు ఓకే అంటే ఉంటానని. నాలాంటివాడు పాఠం మొదలెట్టే ముందు ఓకే అంటే ఇక నోళ్లు ముయ్యండని. కూర ఎలా ఉందండీ అంటే ఓకే అన్నామనుకో, అది మాత్రం బాలేదనే."

"మరి నాకొచ్చింది ఏది మాస్టారూ?" అన్నాడతను. అప్పటికే సగం నవ్వు ఇంకిపోయింది.

"చుక్క పెట్టిందా?"

"పెట్టింది."

"ఏదీ?" మాస్టారు ఫోను కళ్ల దగ్గరికి తెచ్చుకున్నారు. "రెండు చుక్కలున్నాయే?"

"ఒకటేనండీ. మీకింకా అద్దం కుదరలేదు."

"అదీ సంగతి. చుక్క పెట్టిందంటే ఆలోచించే రాసింది నాయనా. అంటే గట్టిగా అవునని. లేదా గట్టిగా కాదని."

ఇది ఇలా తేలేది కాదని పిన్ని అతని అక్కకి ఫోన్ కలిపి, స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచింది. అక్క లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. ఆవిరి బుస్సుమంటుండగానే కథంతా విని, ఇస్త్రీ పెట్టె దించి తీర్పు మొదలెట్టింది.

"ఒరేయ్, ఓకే సంగతి తర్వాత. ముందు అది తెలుగులో ఏదో తేల్చు. సరే అంటే ఒప్పుకున్నట్టు. సర్లే అంటే నీ పోరు పడలేక ఒప్పుకున్నట్టు. సరే లెండి అంటే జాలిపడ్డట్టు. సరే గానీ అందనుకో, ఆ సంబంధానికి నీళ్లొదులుకోవడమే!"

"అదెలా తెలుస్తుందే అక్కా?"

"పక్క వీధిలో మనిషిని పెట్టుకుని నన్నడుగుతావేంట్రా మొద్దూ! వెళ్లి అడుగు!"

పిన్ని అతన్ని దాదాపు గెంటినంత పని చేసింది. గుమ్మం దాటాక గానీ ఒంటిమీద ఏప్రను అలాగే ఉందని అతనికి తెలియలేదు. మూడు నిమిషాల నడక. మొదటి నిమిషం పెళ్లికొడుకులా నడిచాడు, రెండో నిమిషం పరీక్ష తప్పినవాడిలా నడిచాడు. మూడో నిమిషంలో ఎలా నడిచాడో అతనికే గుర్తులేదు.

గేటు దగ్గర కాపలా మనిషి అతని తల మీద హెల్మెట్ పెట్టి లోపలికి పంపించాడు. అక్కడ వాకీటాకీ పట్టుకుని, మెడ వెనక్కి వంచి ఆకాశంలోకి చూస్తూ సిగ్నల్ ఇచ్చే మేస్త్రీ నిలబడి ఉన్నాడు. పైన, యాభై మీటర్ల ఎత్తులో, అగ్గిపెట్టంత గది. ఆమె అందులో ఉంది. కొక్కేనికి కిటికీ చట్రాల కట్ట వేలాడుతూ నెమ్మదిగా తిరుగుతోంది.

"మేస్త్రీగారూ, ఆవిడ ఓకే అంటే ఏంటండీ?"

మేస్త్రీ అతన్ని ఎగాదిగా చూశాడు. "పైనుండే అక్కా? మేమంతా పైనక్క అంటాం. మా పనిలో ఓకేకి ఒకటే అర్థం. విన్నానని. ఎత్తుతుంటే ఎత్తుతున్నా అంటుంది, దించుతుంటే దించుతున్నా అంటుంది. ఓకే అంటే మాట చెవిన పడింది, చెయ్యి ఇంకా కదల్లేదు. ఎందుకూ?"

అతను ఇటుకల దొంతర మీద కూలబడ్డాడు. విన్నదట. అంతే. తను పొద్దుటి నుంచీ ఎగిరింది ఆ మాత్రం దానికా! మొహం చూసి మేస్త్రీకి జాలేసి, అడిగి అడిగి విషయం రాబట్టాడు. రాబట్టాక ఆయన కళ్లు మెరిశాయి. చట్రాలు తొమ్మిదో అంతస్తులో దిగేదాకా ఆగి, వాకీటాకీ నొక్కాడు.

"పైనక్కా, కళ్లద్దాలాయన వచ్చాడు. నీతో మాట్లాడాలంట."

"ఓకే," అంది వాకీటాకీ.

"చూశావా, విన్నది," అని మేస్త్రీ పరికరం అతని చేతిలో పెట్టాడు. నొక్కితే మాట అందరి వాకీటాకీల్లోనూ మోగుతుందని మాత్రం చెప్పలేదు.

"అదీ... నా మెసేజీకి ఓకే అన్నారు కదండీ. అంటే..."

"విన్నానని," అంది ఆమె గొంతు. గరగరమంటున్నా ఆ గొంతులో నవ్వు దాగలేదు. "మీరేమో పదకొండు లైన్లు రాశారు. చదవడం అయ్యీ అవ్వగానే మేస్త్రీ ఎత్తమన్నాడు. జవాబు లేకపోతే మీరు అన్నం మానేస్తారేమోనని, విన్నానని మాత్రం చెప్పా. మిగతాది దిగొచ్చాక చెబుదామనుకున్నా."

"ఇప్పుడు కొక్కెం ఖాళీయేనా అండీ?"

"ఖాళీయే."

"మరైతే..."

"ఒక్కటి అడగాలి. తొమ్మిదో లైన్లో 'నా లోపాలు మీరు మన్నించగలిగితే' అని రాశారు. ఏంటా లోపాలు?"

అతను గొంతు సవరించుకున్నాడు. అబద్ధం చెప్పే తెలివి అప్పుడు లేదు. "గురక పెడతానండీ. లెక్కల్లో మందం. ఇంకా... ఎత్తంటే భయం. స్టూలెక్కినా కళ్లు తిరుగుతాయి. ఇందాకటి నుంచీ మీ వైపు చూస్తుంటేనే తిరుగుతున్నాయి."

ఎనిమిదో అంతస్తులో ఎవరో ఫక్కున నవ్వారు. పదకొండో అంతస్తు నుంచి ఈల వినిపించింది. పని ఆపేసి, గోడల అంచుల్లోంచి పసుపు హెల్మెట్లు వరసగా తొంగిచూస్తున్నాయి. అప్పటికి గానీ అతనికి సంగతి తెలియలేదు.

వాకీటాకీ మళ్లీ గరగరమంది.

"ఎత్తు పనులు నేను చూసుకుంటాలెండి. గురక సంగతి పెళ్లయ్యాక చూద్దాం."

అతను బిక్కమొహంతో మేస్త్రీ వైపు తిరిగాడు. "ఇప్పుడేమందండీ?"

"పెళ్లయ్యాక అందయ్యా మహానుభావా! పెళ్లయ్యాక!" మేస్త్రీ అతని భుజాలు పట్టి ఊపేశాడు. తర్జుమా అక్కర్లేని మాట అది. పద్నాలుగు అంతస్తులూ ఒక్కసారి గొల్లుమన్నాయి. ఎవరో తాపీతో బకెట్టు మీద దరువేశారు. కాంట్రాక్టరు గుమాస్తా కాగితాల కట్టతో ఆఫీసు గదిలోంచి పరిగెత్తుకొచ్చి, ఏం కూలిందని అడిగాడు.

"ఏం కూలలేదండీ, ఒకటి నిలబడింది!" అన్నాడు మేస్త్రీ.

అతను ఆ ఇటుకల మీదే కూర్చుని ఎదురుచూశాడు. నాలుగింటికి పని గంట కొట్టాక ఆమె నిచ్చెన దిగింది. అతను చూడలేక కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి ఎదురుగా ఉంది, చేతి తొడుగులు లాగేస్తూ, కళ్లజోడు మీద వేలెడు దుమ్ముతో. అతను ఆ కళ్లజోడు తీసి, ఏప్రను కొసతో తుడిచి, మళ్లీ ఆమెకి పెట్టాడు. అన్ని అంతస్తుల్లోంచీ చూస్తున్నారని ఇద్దరికీ తెలుసు, అయినా ఎవరికీ సిగ్గనిపించలేదు.

"నిజంగా గురక పెడతారా?" అందామె.

"మా అక్క చెబుతుంది. నేనైతే ఎప్పుడూ వినలేదు."

ఆమె కడుపు పట్టుకుని నవ్వింది. అతని అక్క ఇంటికి వెళ్దామని బయల్దేరి, ముందొచ్చిన బస్సు ఎక్కేశారు. అది ఎటు పోతుందో ఎవరూ అడగలేదు. ఎక్కడికని కండక్టరు రెండుసార్లు అడిగినా, ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. ఆయన తల కొట్టుకుని, ఆఖరి స్టాపుకి రెండు టికెట్లు చించి ఇచ్చాడు. సగం దూరం పోయాక, బస్సు అక్కవాళ్ల ఇంటికి సరిగ్గా ఎదురు దిక్కున పోతోందని ఆమే కనిపెట్టింది.

"దిగుదామా?" అంది.

"కూర్చుందాం," అన్నాడతను. కిటికీ పక్క సీటు ఆమెకిచ్చి, జేబులో మోగుతున్న ఫోను తీయకుండా ఆఖరి స్టాపు దాకా కూర్చున్నాడు.