చెయ్యి పట్టేంత సందు

తెల్లవారగానే అప్పలసూరి అల్లుడి పికప్ బండి తలుపు తీస్తాడు. ఎడమవైపు సీటు మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉంచుతాడు. తర్వాత "వస్తాది" అంటాడు, లేదా "రాదు" అంటాడు. వస్తుందంటే నౌపడ దగ్గర ఉప్పు మడుల్లో పనిచేసేవాళ్లు గట్ల మీది రాశులకు తాటాకులు కప్పుతారు. రాదంటే మడుల్లోకి దిగి ఉప్పు లాగుతారు.

అతని మాట తప్పిన రోజులూ ఉన్నాయి. వాటిని ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. అల్లుడు నరేష్ ఫోనులో వాతావరణం చూస్తే వైశాఖమంతా రోజూ మబ్బు బొమ్మే ఉంటుంది కాబట్టి దాన్ని ఎవరూ చూడరు.

వాన అప్పలసూరి చేతికి తెలుస్తుందని అందరూ అనుకునేవారు. అతనూ అదే అనుకున్నాడు. ఒకసారి బండిలో అగ్గిపెట్టె కోసం తడుముతుంటే మొదటిసారి తెలిసింది. అప్పటినుంచి చెయ్యి అక్కడే పెడుతున్నాడు. సీటు గురించి ఎవరూ ఆలోచించలేదు.

నరేష్ బండి ఉప్పు మోస్తుంది. బస్తాలెత్తిన మనుషులు తడి లుంగీలతోనే ముందు ఎక్కి కూర్చుంటారు. వాళ్ల ఒంటి మీది ఉప్పు సీటు గుడ్డలోంచి స్పాంజిలోకి దిగింది. ఎండ కాస్తే సీటు మీద తెల్లటి పొడి తేలుతుంది. గాలిలో నీరు పెరిగితే అదే సీటు చెమ్మగిల్లుతుంది.

ఆ సీట్లో రేఖ కూర్చునేది. ఆమె అప్పలసూరి కూతురు, నరేష్ భార్య. జాకెట్లు కుడుతుంది. నరేష్ కోటబొమ్మాళి వెళ్లే రోజున లైనింగు గుడ్డ, దారం కొనుక్కోవడానికి ఆమె కూడా ఎక్కేది. దారిలో పెద్దగా మాట్లాడుకునేవారు కాదు. మడుల్లో నీళ్లు నిలిచి ఉన్నప్పుడు రోడ్డుకు రెండు పక్కలా ఆకాశమే ఉండేది. బండి దాని మధ్యలోంచి వెళ్లేది. రైలు గేటు పడితే రేఖ నిద్రపోయేది. గేటు లేచినా నరేష్ వెంటనే బండి కదిపేవాడు కాదు. వెనకవాళ్లు హారన్ కొట్టేదాకా ఉండేవాడు.

దీపావళికి కొన్న చీరకు వెనక తెల్లటి చారలు పడ్డాయి. ఉతికినా పోలేదు.

"నీ బండిలో ఇంకొన్నాళ్లు కూకున్నానంటే నన్నూ బస్తాలో ఎత్తేసి అమ్మేస్తారు బావా," అంది రేఖ.

తర్వాత ఆమె బస్సులో వెళ్లడం మొదలుపెట్టింది. నరేష్ ఆ సీటు మీద టిఫిన్ క్యారియరు పెట్టుకుని నడిపాడు. మలుపుల దగ్గర అది దొర్లేది. అతను ఒక చేత్తో ఆపేవాడు.

వైశాఖం చివర్లో అతను లోడు దింపి, ఖాళీ బండితో నరసన్నపేట వెళ్లాడు. హైవే పక్కన సీటు కవర్లు వేసే వెంకీ దుకాణం ఉంది. వెంకీ బోల్టులు విప్పి సీట్లు రెండూ కిందికి దించాడు. ఎడమవైపు సీటును నేల మీద పెట్టగానే దాని కింద తెల్లటి గీత పడింది.

"ఏటి బావా, ఇది సీటా, ఎండుసేపా?"

"సేపైతే నీకాడికెందుకు తెస్తాను? కవరెయ్యి."

"ఏ రంగు?"

నరేష్ జేబులోంచి గుడ్డ ముక్క తీశాడు. రేఖ కుట్టుమిషను కింద దొరికిన ముక్క అది. వెంకీ దాన్ని వెలుతురులో పెట్టి చూశాడు.

"సీటుకి కవరేస్తన్నావా, సీర కడతన్నావా?"

"నీకు కుట్టడం వచ్చా, కూతలేనా?"

వెంకీ నవ్వి, ఆ రంగుకు దగ్గరగా ఉన్న రెగ్జిన్ తీశాడు. స్పాంజి నొక్కి చూసి తల ఊపాడు. కొత్త స్పాంజి రావాలంటే వారం పడుతుంది.

"ఇప్పుడే కావాలంటే కిందన పాలిథిన్ పరిసెస్తాను. ఉప్పు కిందే ఉండిపోద్ది. పైకి సుక్క సెమ్మ రాదు."

"సీరకి అంటదు గదా?"

"పెళ్లిసీరైనా అంటదు."

"అయితే ఏసెయ్."

డ్రైవరు సీటు ఇంకా రోడ్డు పక్కనే నేల మీద ఉంది. నరేష్ దానిలో కూర్చున్నాడు. ఎదురుగా హైవే. లారీలు ఇచ్ఛాపురం వైపు పోతున్నాయి, శ్రీకాకుళం వైపు పోతున్నాయి. చేతిలో స్టీరింగు లేదు. కాళ్ల కింద బ్రేకు లేదు. కాసేపటికి లారీలు ఆగి తన సీటే కదులుతున్నట్టు అనిపించింది. దుకాణంలో కుట్టుమిషను ఆగి ఆగి నడుస్తోంది. అది రేఖ మిషను చప్పుడని అతను అనుకున్నాడు. పక్కన రేఖ ఉందని, తమ చుట్టూ మడులున్నాయని, వాటిలో మబ్బులు బండి కంటే ముందు పోతున్నాయని అనిపించింది. గేటు పడింది. రైలు రాలేదు. ఎవరూ హారన్ కొట్టలేదు.

కళ్లు తెరిచేసరికి ఎడమవైపు సీటు పని అయిపోవచ్చింది. వెంకీ పాలిథిన్ మీదుగా కవరు తొడిగి, పట్టీలను సీటుకూ వీపుకూ మధ్యనున్న సందులోంచి వెనక్కి లాగాడు. తీగ హుక్కులతో వాటిని కింది ఇనప చట్రానికి తగిలించాడు. మోకాలు వేసి నొక్కి, వేడిగాలి మిషను పెట్టి ముడతలు తీశాడు. పాలిథిన్ సందు దాకా వచ్చి ఆగింది. సందులో ఎవరూ కూర్చోరు కాబట్టి అక్కడ పరచలేదు.

మర్నాడు తెల్లవారగానే అప్పలసూరి తలుపు తీశాడు. కొత్త కవరు చూశాడు. అరచెయ్యి ఆనించాడు. తీశాడు. లుంగీకి తుడుచుకుని మళ్లీ ఆనించాడు. ఈసారి ఎడమచెయ్యి పెట్టాడు.

"ఏటి మావా?" అన్నాడు నరేష్.

"ఆగరా."

గట్టు మీద మనుషులు నిలబడి చూస్తున్నారు. ఆ ఏడాది ఆఖరి ఉప్పు వాళ్ల వెనక రాశులుగా ఉంది. తాటాకులు పక్కన పేర్చి ఉన్నాయి. వాన పడితే ఆ ఉప్పు మళ్లీ మడుల్లోకే కరిగిపోతుంది.

"రాదు," అన్నాడు అప్పలసూరి.

మనుషులు మడుల్లోకి దిగారు. అతను దిగలేదు. గట్టు మీద కూర్చుని అరచెయ్యి చూసుకున్నాడు. అతని భార్య జగ్గమ్మ గంజి తెచ్చి పక్కన పెట్టింది.

"సేతిలో ఏటి రాసున్నాది, అలా సూస్తన్నావు?"

"నాకేటీ తెలీనేదే."

"తెలీకపోతే తెలీనేదని సెప్పాల గదా. రాదన్నావెందుకు?"

"అందరూ సూస్తన్నారు. ఏదో ఒకటి అనాల గదే." అతను వేళ్లు ముడిచి విప్పాడు. "సెయ్యి సచ్చిపోనాదే నాకు."

"గంజి తాగు. సెయ్యి అదే లేస్తాది."

అతను తాగలేదు.

నరేష్ రమ్మంటే బండి ఎక్కడానికి వచ్చిన రేఖ ఆ మాటలు విన్నది. వెళ్లి బండి తలుపు తీసింది. నరేష్ స్టీరింగు పట్టుకుని ముందుకే చూస్తున్నాడు. రేఖ రంగు చూసింది. అంచు కుట్టు మీద వేలు పెట్టి చివరిదాకా నడిపించింది.

"ఈ పైపింగు ఎవుడు కుట్టినాడు బావా? పాము పాకినట్టున్నాది."

"వెంకీగాడు."

"వచ్చి నాకాడ నేర్సుకోమను," అని ఎక్కి కూర్చుంది. అటూ ఇటూ కదిలి చూసి కొంగు ఒళ్లో పెట్టుకుంది. "బాగున్నాది," అంది.

నరేష్ బండి తీశాడు. గాలి ఆగిపోయి ఉంది. మడుల్లో నీళ్లు కదలడం లేదు. ఒక కొంగ నిలబడితే దాని కాళ్ల కింద ఇంకో కొంగ ఉంది. రైలు గేటు పడి ఉంది. నరేష్ బండి ఆపాడు. రేఖ కళ్లు మూసుకుంది, కానీ నిద్రపోలేదు.

"అయ్య ఎప్పుడూ అలాగనలేదు," అంది.

"పెద్దోడైపోనాడు గదా."

గూడ్సు బండి వచ్చింది. దాని చప్పుడులో రేఖ కొంగు సర్దుకుంటుంటే పిన్నీసు ఊడి సీటు వెనక సందులో పడింది. ఆమె చెయ్యి దూర్చింది. పిన్నీసు దొరికింది కానీ చెయ్యి వెంటనే బయటికి తియ్యలేదు. తీశాక వేళ్లు చూసింది. తడిగా ఉన్నాయి. నాలుకకు తాకించుకుంది. ఉప్పన.

"బావా, బండి తిప్పు."

"ఏటైనాది?"

"ఇక్కడ సెయ్యెట్టు."

నరేష్ వంగి సందులో చెయ్యి పెట్టాడు. స్పాంజి తడిసి ఉంది. పైన రెగ్జిన్ పొడిగా, చల్లగా ఉంది. అతను రెండూ మళ్లీ తాకి చూశాడు.

"మావ సేతిది కాదన్నమాట," అన్నాడు. "సీటుది."

"ఆ మాట అయ్యకాడ అన్నావంటే నీతో మాటాడను."

గేటు లేచింది. నరేష్ బండి వెనక్కి తిప్పాడు.

అప్పలసూరి గట్టు మీద అలాగే ఉన్నాడు. గంజి అలాగే ఉంది. రేఖ దిగకుండానే పిలిచింది.

"అయ్యా, నా పిన్నీసు సందులో పడిపోనాది. నాకందడం నేదు. కాస్త తీసెట్టు."

"నీ మొగుడికి సేతుల్లేవా?"

"ఆ బావవి పందికొక్కు సేతులు. దూరవు."

నరేష్ తన చేతులు చూసుకున్నాడు. అప్పలసూరి గొణుక్కుంటూ లేచి వచ్చాడు. రేఖ పిన్నీసును గుప్పిట్లో పెట్టుకుని పక్కకు జరిగింది. అతను సందులో చెయ్యి దూర్చి వెతికాడు. వేళ్లు కదిలాయి. తర్వాత కదలడం మానేశాయి. అతను బండి తలుపును రెండో చేత్తో పట్టుకున్నాడు. సముద్రం వైపు చూశాడు. అక్కడ ఏ మబ్బూ లేదు.

"వస్తాది," అన్నాడు మెల్లగా.

చెయ్యి బయటికి తీసి మడుల వైపు తిరిగాడు.

"ఓరే, వస్తాదిరా! బేగి కప్పండ్రా! ఆకులెత్తండి!"

"పొద్దున్న రాదన్నావు గదా సూరిమావా," అని ఎవరో కిందినుంచి అరిచారు.

"పొద్దున్న పొద్దున్నే. ఇప్పుడు ఇప్పుడే. కప్పండర్రా!"

మనుషులు నవ్వుతూ తిట్టుకుంటూ గట్టెక్కారు. జగ్గమ్మ తాటాకులు అందించింది. నరేష్ బండిలోని టార్పాలిన్ తెచ్చి చివరి రాశి మీద వేశాడు. రేఖ చీర ఎగదోపుకుని దాని అంచుల మీద మట్టిబెడ్డలు పెట్టింది. చేతులన్నీ కదులుతున్నాయి. గాలి మాత్రం కదలడం లేదు. కప్పడం పూర్తయ్యాక చేసేదేమీ లేక అందరూ నిలబడ్డారు. అప్పలసూరి గంజి తీసుకుని తాగాడు.

మడిలో కొంగ కాళ్ల కింది కొంగ మీద ఒక చుక్క పడింది. అది చెదిరి మళ్లీ కుదురుకుంది. ఇంకో చుక్క పడింది. తర్వాత కింది కొంగ లేదు, ఆకాశం లేదు, నీళ్లు మాత్రమే ఉన్నాయి. వాన తాటాకుల మీద పడి పక్కలకు జారింది. రాశులు అలాగే ఉన్నాయి.

రేఖ, నరేష్ బండిలో కూర్చున్నారు. అద్దాల మీద నీళ్లు కారుతుంటే బయట ఉన్నవేవీ కనిపించలేదు. రేఖ సంచిలోంచి చిన్న కత్తెర తీసింది. సీటు మీద వెంకీ పైపింగు ఎక్కడ వంకరపోయిందో అక్కడ మొన పెట్టింది.

"కొత్త కవరే అది," అన్నాడు నరేష్.

"నాకు తెల్దా?"

ఒక్కో కుట్టూ తెంపుకుంటూ వచ్చింది. అరచెయ్యి పట్టేంత అయ్యాక ఆగింది. కింది పాలిథిన్‌ను కూడా అంతే మేర కోసింది. దారం ఎక్కించి, తెరిచిన అంచులు ఊడిపోకుండా చుట్టూ కుట్టింది. దాని మీద తువ్వాలు మడిచి వేసి కూర్చుంది.

"మళ్లీ చారలు పడతాయేమో," అన్నాడు నరేష్.

"పడితే సీరకి పడతాయి. నాకేటి?"

మర్నాడు అప్పలసూరి తలుపు తీశాడు. తువ్వాలు పక్కకు తీశాడు. సీటు మీది సందు చూశాడు.

"ఇక్కడ కుట్టు ఊడిపోనాదేటే?"

"వెంకీగాడి పని అంతే అయ్యా," అంది రేఖ.

"నువ్వు కుట్టేసుకోనేకపోనావా?"

"తీరిక దొరికితే సూస్తాను."

అప్పలసూరి సందు చుట్టూ వేసిన కుట్టును వేలితో తడిమాడు. కూతురు వైపు చూశాడు. ఆమె పిన్నీసు పెట్టుకుంటోంది. అతను చెయ్యి లోపలికి పెట్టి కళ్లు మూసుకున్నాడు. గట్టు మీద మనుషులు ఎదురుచూస్తున్నారు. అతను తొందరపడలేదు.