ఎనిమిది దాకానే గడువు

ఎర్రచొక్కాల క్లబ్బువాళ్ళ మెయిల్ ఆరింటికి వచ్చింది. మా అమ్మాయి టెస్సాకి ఫుట్‌బాల్ జట్టులో గోలీగా, అంటే గోల్‌కీపర్‌గా, చోటుందట, ఎనిమిదిలోగా ఒప్పుకోకపోతే తరవాతి పిల్లకి ఇచ్చేస్తారట. పచ్చచొక్కాలవాళ్ళదీ అదే గడువు, అదే బెదిరింపు. పదమూడేళ్ళ పిల్ల ఆటకి ఇంత తొందరేమిటని తిట్టుకుంటూనే, మైదానం పక్కన కారులో కూచుని, ఏడూ యాభైకి ఎర్రవాళ్ళకి 'సరే' నొక్కేశాను. ఒళ్ళు పులకరించింది.

వెంటనే మా ఆయన డెరిక్ ఫోన్ చేశాడు.

"పనైపోయింది. పచ్చవాళ్ళకి సరే అనేశా."

"నన్నడక్కుండానా?"

"నువ్వేం చేశావో చెప్పు ముందు."

అప్పుడే టెస్సా చేతి తొడుగులతోనే కారెక్కింది. సంగతి విని నెత్తి కొట్టుకుంది.

"అమ్మా, ఎర్రవాళ్ళ చోటు నా స్నేహితురాలు జోలీన్‌ది, వరసలో నా తరవాత తనే. జట్టుకి ఒక్క గోలీయేగా. రెండు చోట్లా నాకే వస్తే ఏది వదలాలో ట్రయల్స్ రోజే బొమ్మా బొరుసూ వేసుకున్నాం. నాన్నకి చెప్పాను."

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే పచ్చవాళ్ళ కోచ్ మీద గంటసేపు క్లాసు పీకుతావుగా."

ఏడూ యాభై ఆరు. పక్క కారులో జోలీన్ తల్లి ఫోన్‌కేసి చూస్తూ గోళ్ళు కొరుక్కుంటోంది. నేను ఎర్రవాళ్ళ కోచ్‌కి ఫోన్ చేశాను.

"మా అమ్మాయి రాదండీ. ఆ చోటు తరవాతి పిల్లకి ఇప్పుడే ఇచ్చెయ్యండి."

ఎనిమిదేళ్ళుగా ఈ మైదానాల చుట్టూ తిరుగుతున్నాను. కూతురి చోటు ఇంకొకరికి ఇమ్మని కోచ్‌ని బతిమాలడం ఇదే మొదలు.

నిమిషం గడిచింది. పక్క కారులో ఫోన్ టింగుమంది, వెంటనే ఆ కారు హారన్ ఆగకుండా మోగింది. జవాబుగా మా హారన్ నేనే నొక్కాను.