కాశీలో వదిలేసిన జామకాయ

అమ్మ నాకంటే ముందు నడుస్తోంది, చెప్పులు చేత్తో పట్టుకుని, కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకుని, పార్కువాళ్ళు ఎర్రమట్టి పోసి తీర్చిన బాట మీద, మా అందరినీ తనే వెంటబెట్టుకొచ్చినట్టు. పోయి ఇన్నేళ్ళయిన మనిషి ఇంత చురుగ్గా ఎలా నడుస్తోందని నాకు అనుమానం రావాలి, రావడం లేదు. ఈ వ్యవసాయ పార్కుకి అందరం ఒక ఆదివారం వెళ్దామని తను ఉన్నప్పుడు ఎన్నిసార్లు అనుకున్నామో, ఇవాళ్టికి కుదిరింది కదా అన్న తృప్తే ఒళ్ళంతా నిండి ఉంది. మా ఆయనా, మా అమ్మాయి తన్మయీ ఎడ్లబండెక్కి ఎటో వెళ్ళారు, వాళ్ళ నవ్వులు మాత్రం కాసేపు బాతుల చెరువు వైపు నుంచి, కాసేపు మా పాత ఇంటి పెరట్లోంచి వినిపిస్తున్నాయి.

బాట పక్కన చిన్న మడిలో జనం ప్యాంట్లు మడుచుకుని బురదలో దిగి, నాట్లు వేస్తూ ఫోటోలు తీయించుకుంటున్నారు. అమ్మ ఆగి చూస్తోంది.

"దీనికి టిక్కెట్టుందా?"

"ఉందమ్మా."

"మా అమ్మ నన్ను ఊరికే దింపేసేది."

ఇద్దరం నవ్వుతాం, నవ్వు ఆపేసరికి మడి లేదు, అందులో నీళ్ళు గంగైపోయి మెట్ల దాకా వచ్చాయి, నాట్లు వేస్తున్నవాళ్ళంతా మెట్ల మీద బుద్ధిగా కూర్చుని పంతులుగారు చెప్పే మంత్రం అంటున్నారు, నేనూ అంటూ రెండడుగులు వేసేసరికి జామతోటలో ఉన్నాను. పిల్లలు బుట్టలు పట్టుకుని తిరుగుతున్నారు. ఎవరి కాయలు వాళ్ళే కోసుకోవచ్చని బోర్డు పెట్టారు. నేను చేతులు వెనక్కి కట్టుకుంటాను.

అమ్మ దోరకాయ ఒకటి కోసి కొంగుతో తుడిచి నాకు అందిస్తుంది.

"నేను తిననమ్మా. నీ అస్థికలు కలపడానికి వెళ్ళినప్పుడు కాశీలో వదిలేశాను."

కాశీ వెళ్ళినవాళ్ళు ఇష్టమైన పండో కాయో ఒకటి అక్కడే వదిలి రావాలంటారు. పంతులుగారు ఆలోచించుకుని చెప్పమ్మా అన్నా, నేను జామకాయే అన్నాను.

"ఎవర్నడిగి వదిలావే? మీ పెదనాన్న చూడు, కాకరకాయ వదిలొచ్చాడు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క ముక్క తిన్నాడా? అదీ తెలివంటే."

నాకు ఒళ్ళు మండుతుంది. ఆవిడ కోసం నోరు కట్టుకుంటే ఆవిడకి వేళాకోళంగా ఉంది.

"చిన్నప్పుడు కాయ లోపలి గుజ్జంతా నాకు పెట్టి, నువ్వు అంచులు కొరుక్కునేదానివి. నీ వంతు కూడా నేనే తినేశాను కదా, అందుకే వదిలాను. అది నీకు చేరిందా లేదా? నాకు అదొక్కటి చెప్పు."

ఇన్నాళ్ళూ ఎవరినీ అడగలేకపోయిన మాట అది, అనేసరికి ఏడుపు వచ్చేస్తోంది. అమ్మ మాత్రం అర్థం కానట్టు చూస్తుంది.

"నా పిప్పిపన్ను మర్చిపోయావా? గింజలు అందులో ఇరుక్కుని ప్రాణం తీసేవి. నాకు అంచులే ఇష్టం, నీకు గుజ్జు ఇష్టం. ఇద్దరికీ ఒక కాయ చక్కగా సరిపోయేది, అంతే."

"నిజంగానా?"

"చచ్చినదాన్ని, నీతో అబద్ధమాడి ఏం బావుకుంటాను?"

అని, ఆ కాయని చేతిలో తిప్పుకుంటూ చుట్టూ కొరుక్కుని తింటుంది, తాపీగా, ఎండ తన తెల్లజుట్టు మీద పడుతుంటే, తోట మెల్లగా కదులుతుంటే, చెట్లన్నీ వెనక్కి వెనక్కి పోతుంటే. మధ్యది మిగిల్చి నా వైపు చాపుతుంది. "తీసుకో, లేకపోతే పారేయాలి," అంటుంది. నేను చెయ్యి ముందుకు తెస్తాను.

మెలకువ వచ్చేసరికి మా కారు పార్కు గేటు దాటి హైవే ఎక్కింది. సాయంత్రపు ఎండ చెంప మీద పడుతోంది. పక్కన తన్మయి ఒళ్ళో తను కోసుకొచ్చిన కాయల బుట్ట ఉంది. చేతిలో ఒక జామకాయ, చుట్టూ కొరికేసి, మధ్యలో గుజ్జు మాత్రం అలాగే వదిలేసింది. మేం కాశీ నుంచి వచ్చాక ఇంటికి జామకాయలు తేలేదు. ఎలా తినాలో దానికి చూపించినవాళ్ళు లేరు.

"నాకు గింజలొద్దు. నువ్వు తినమ్మా."

"అమ్మ తినదు తల్లీ, వదిలేసింది," అన్నాడు మా ఆయన ముందు నుంచి.

"పెట్టు," అని నేను నోరు తెరిచాను.