ఎక్కిళ్లు పెట్టే టాక్సీ

బావమరిది టాక్సీని షెడ్డులోకి తోలుకొచ్చి, దిగీ దిగకముందే రెండడుగులు దూరంగా జరిగి నిలబడ్డాడు. సొంత బండిని చూసి పిచ్చికుక్కను చూసినట్టు జరిగే డ్రైవర్ని మెకానిక్ ఇంతవరకూ చూడలేదు.

"మళ్లీ మిస్సింగేనా?"

"మళ్లీ అదే బావా."

నాలుగు సిలిండర్లూ వరసగా మండాల్సిన ఇంజిన్‌లో ఒకటి మండకుండా ఊరుకుంటే దాన్ని మిస్సింగ్ అంటారు. అప్పుడు బండి కాలు బెణికిన ఎద్దులా కుంటుతుంది. ఈ టాక్సీలో కుంటుతున్నది మూడో సిలిండర్. ఆ సంగతి స్కానర్ ఎప్పుడో చెప్పింది. ఎందుకు కుంటుతోందో మాత్రం చెప్పలేదు.

మెకానిక్‌ది మొదటినుంచీ ఒకటే పద్ధతి. అనుమానం ఉన్న సామాను తీసి పక్క సిలిండర్‌కి పెట్టు. జబ్బు దానితోపాటు వెళ్లిందా, దొంగ అదే. వెళ్లలేదా, దొంగ ఇంకా ఇంట్లోనే ఉన్నాడు. అలా ప్లగ్గుకి కరెంటు పంపే కాయిల్ మార్చాడు, ప్లగ్గు మార్చాడు, ఇంజెక్టర్ కూడా మార్చాడు. మూడో సిలిండర్ జబ్బు మూడోదాన్నే పట్టుకుని ఉంది. పైగా తాను ఎంతసేపు నడిపినా రాదు. బండి షెడ్డు దాటి వెళ్లాకే వస్తుంది.

"నువ్వు కూర్చుంటే రాదు బావా," బావమరిది గొంతు తగ్గించాడు. "పోయేవాళ్లు కూర్చుంటే వస్తుంది."

"అంటే నీ బండికి జాతకాలు తెలుసన్నమాట. టాక్సీ బోర్డు పీకేసి జోస్యం బోర్డు పెట్టుకో, ఇంకా బాగా నడుస్తుంది."

"నవ్వు, నవ్వు. పోస్టుమాస్టారు ఈ ముందు సీట్లోనే ఎక్కాడు. ఆసుపత్రి దాకా ఇంజిన్ ఒకటే ఎక్కిళ్లు. ఆయన దిగాడో లేదో, ఏమీ ఎరగనట్టు నున్నగా తిరిగింది. ఆ వారమే పోయాడు. తర్వాత కుట్టుమిషన్ పెద్దమ్మ. ఆ తర్వాత డ్రాయింగు మాస్టారు. ఎక్కిళ్లొస్తే ఎవరో తలుచుకుంటున్నారంటారు కదా. ఈ బండిలో కూర్చున్నవాళ్లని ఎవరు తలుచుకుంటున్నారు బావా?"

"నీ బండెక్కేది సగం ఆసుపత్రికి పోయేవాళ్లేరా. వాళ్లలో కొందరు పోతారు. దానికి ఇంజిన్‌దా తప్పు?"

బావమరిది నేలమీది నూనె మరకను చెప్పుకాలితో రుద్దాడు. అప్పుడన్నాడు. "నిన్న బజారు నుంచి అక్కను దింపాను."

మెకానిక్ చేతిలో పానా ఆగింది.

"సందు మలుపు దాకా ఎక్కిళ్లే. అక్క దిగింది. ఆగిపోయాయి."

రేకుల మీద వాన చినుకులు మొదలయ్యాయి. మెకానిక్ పానా కింద పెట్టాడు. ఇల్లు షెడ్డు వెనకే. అటు తిరిగి భార్యను పిలిచాడు.

ఆవిడ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. "ఏంటి, ఇద్దరూ దొరికిపోయిన దొంగల్లా చూస్తున్నారు? ఏం విరగ్గొట్టారు?"

"ఏం లేదు. కాసేపు ముందు సీట్లో కూర్చో. బరువు పెట్టి చూడాలి."

"బరువు అనగానే నేనే గుర్తొచ్చానా?" అంటూనే ఎక్కింది.

మెకానిక్ ఇంజిన్ స్టార్ట్ చేశాడు. నున్నగా తిరిగింది. బావమరిది హమ్మయ్య అని ఊపిరి వదిలాడు. అప్పుడావిడ, ఇది కాసేపట్లో తేలేలా లేదనుకుందేమో, సీటు వెనక్కి జరిపి, పక్కనున్న మీట లాగి వాల్చుకుని కళ్లు మూసుకుంది.

ఇంజిన్ తడబడింది. మూడు దెబ్బలు, ఒక ఖాళీ. మూడు దెబ్బలు, ఒక ఖాళీ. ఆ ఖాళీలో షెడ్డంతా చెవి ఒగ్గినట్టుంది. బానెట్ మీద పెట్టిన బోల్టులు సన్నగా వణికాయి. వాల్చిన సీటులో ఆవిడ ముఖం పాలిపోయి, నిద్రపోతున్నట్టు కదలకుండా ఉంది.

"ఏమైందండీ?" ఆవిడ లేచి కూర్చుంది. ఇంజిన్ మళ్లీ నున్నగా తిరిగింది.

"ఆపెయ్ బావా," అన్నాడు బావమరిది ఏడుపు గొంతుతో. "ఆపెయ్."

మెకానిక్ ఆపలేదు. మనిషికి దిక్కుతోచనప్పుడు చేతికి అలవాటైన పనే దిక్కు. సామాను మార్చి చూడు. భార్యను దించాడు. సీటు వాల్చినది వాల్చినట్టే ఉంచి, తానెక్కి పడుకున్నాడు. సీటులో ఆవిడ వెచ్చదనం ఇంకా ఉంది. జబ్బు సీటును పట్టుకుని ఉండాలి, ఆమెతోపాటు దిగిపోకూడదు. వస్తే నాకే రావాలి అనుకుంటూ చెవులు రిక్కించాడు.

మూడు దెబ్బలు, ఒక ఖాళీ.

పాడైన ఇంజిన్ చప్పుడు విని జన్మలో ఎన్నడూ అంత సంతోషించలేదు.

తర్వాత పని తొందరగానే తెమిలింది. ఈ రకం బండిలో ఇంజిన్‌ని ఆడించే కంప్యూటర్ పెట్టె డ్రైవర్ పక్కనున్న ముందు సీటు కిందే ఉంటుంది. సీటు బాగా వెనక్కి జరిపి, మనిషి వాలితే, సీటు జరిగే ఇనప పట్టా బోల్టు వెళ్లి వైర్ల కట్టను నొక్కుతోంది. మూడో కాయిల్‌కి వెళ్లే వైరు తొడుగు ఒరుసుకుపోయి రాగి బయటపడింది. ఇన్నాళ్లూ తాను డ్రైవర్ సీట్లో కూర్చునే వెతికాడు. వైరు అతికి, తొడుగు వేసి, కట్టను పక్కకు తప్పించి కట్టాడు. ఆవిడను మళ్లీ వాలి పడుకోమన్నాడు. ఇంజిన్ తేనె పోసినట్టు సాగింది.

బావమరిది నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు. "వైరా! ఈ మాత్రం వైరుకి నేను రాత్రంతా నిద్ర మానుకున్నాను. అక్కా, నీకు నూరేళ్లు!"

మెకానిక్ నవ్వలేదు. పోస్టుమాస్టారు, పెద్దమ్మ, డ్రాయింగు మాస్టారు. వాళ్లంతా వాలి పడుకున్నది కూర్చోలేకే. బండి ఎవరి చావునూ చెప్పలేదు. ఎవరు కూర్చోలేకపోతున్నారో అంతే చెప్పింది.

బండి తలుపు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. "నిన్న బజారు నుంచి అంత దగ్గరకి సీటు ఎందుకు వాల్చావు?"

"ఊరికే."

"ఇప్పుడు?"

ఆవిడ తమ్ముడి వైపు చూసింది, వానవైపు చూసింది. తర్వాత కుడి డొక్క మీద అరచెయ్యి ఆనించింది. "కూర్చుంటే ఇక్కడ పొడుస్తోందండీ. వాలితే కాస్త నయం. మీకు పని ఒత్తిడి తగ్గాక చెబుదామని..."

"ఎన్నాళ్లనుంచి?"

ఆవిడ వేళ్లు సీటు గుడ్డను సవరించాయి.

మెకానిక్ లేచాడు. నల్లటి చేతులు పాత గుడ్డకు తుడుచుకుని, వెనక సీట్లో ఎక్కాడు. "ఆసుపత్రికి పోనీరా."

ఆవిడ వద్దనలేదు. ఆ వద్దనకపోవడం ఆయన్ని భయపెట్టింది. అదే సమయంలో, తనను బతిమాలనివ్వకుండా ఆవిడ చూపిన దయలాగా కూడా అనిపించింది. వాల్చిన సీటు మీద ఆవిడ తల ఆయన మోకాళ్ల దాకా వచ్చింది. మసి చేతులని వెనకాడుతుంటే ఆవిడే ఒక చెయ్యి లాక్కుని నుదుటిమీద పెట్టుకుంది.

టాక్సీ వానలో కదిలింది. సందు మలుపు దాటింది. ఇంజిన్ ఒక్క దెబ్బ తప్పకుండా, ఒక్క మాట చెప్పకుండా తిరుగుతోంది. ముందు అద్దంలో బావమరిది కళ్లు ఆయన కళ్లను వెతికాయి. ఆయన అటు చూడలేదు. అరచేతి కింద ఆవిడ నుదురు వెచ్చగా ఉంది. ఆయన ఊపిరి బిగబట్టి వింటూనే ఉన్నాడు.