పిన్నీసుల కిరీటాలు

ఆ రోజు తెలంగాణ బంద్. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక్క కొట్టూ తెరవలేదు. ఊళ్ల నుంచి వచ్చే బస్సులు ఎల్బీ నగర్ దగ్గరే ఆగిపోయాయి. జనమంతా ఖాళీయే కాబట్టి పరలోక ఆరాధన ప్రదర్శనకు ఇంతకంటే మంచి రోజు దొరకదన్నాడు మా పాస్టరు ప్రసన్నకుమార్. దేవుడు తీర్పు తీర్చాలన్నా మనకు తీరిక ఉండాలి మరి!

పరలోక ఆరాధనంటే, బైబిలు చివర్లో యోహానుకు దర్శనంలో కనబడింది. నడుమ సింహాసనం, చుట్టూ తెల్లబట్టల్లో ఇరవైనలుగురు పెద్దలు. వాళ్లు సాగిలపడి, బంగారు కిరీటాలు తీసి సింహాసనం ముందు పడేస్తారు. మా సంఘంలో అంతమంది మగ పెద్దలు ఎక్కడ దొరుకుతారు? సగానికి పైగా మేమే, ఆడవాళ్లం. మందిరంలో తలమీద కొంగు తియ్యం కదా, అట్ట కిరీటం జారకుండా ఆ కొంగుకే పిన్నీసులు గుచ్చుకున్నాం. తీరా సాధన చేసేటప్పుడు చూస్తే, కిరీటం లాగితే కొంగూ ఊడొస్తోంది. ముసుగు లేని తలతో దేవుడి ముందు నిలబడతామా!

"పడేయడం వద్దులెండమ్మా, తల వంచితే చాలు" అని సర్దేశాడు పాస్టరు. యోహాను చూసినదానికి ఈయన సవరణ!

సింహాసనమంటే పెళ్లిళ్లకు కిరాయికిచ్చే ఎర్ర మఖమల్ కుర్చీ. దాన్ని ఖాళీగా ఉంచాలేమో అన్నాను.

"ఖాళీగా ఉంటే బోసిగా ఉంటుందండీ వెంకాయమ్మగారూ, ఎవరో ఒకరు కూర్చోవాలి కదా" అని తానే కూర్చున్నాడు. కాలు మీద కాలు కూడా వేసుకున్నాడు మహానుభావుడు.

నా పక్కన మల్లమ్మ. పోచంపల్లి నేతవాళ్ల పిల్ల, మా వీధిలోనే చీరల కొట్టు నడుపుతుంది. నేను గుంటూరు నుంచి వచ్చినదాన్ని. మాటతీరు వేరు గానీ ఎన్నో ఏళ్లుగా మందిరంలో ఇద్దరిదీ ఒకే చాప. ఆమె కూతురు అరుణశ్రీ కాలేజీలో చదువుతోంది, ఊరేగింపుల్లో ముందుంటుంది. రోడ్డెక్కి అరిచేవాళ్లంతా తీర్పునాడు దేవుడు నరకానికి తోలే ఎడమవైపు మేకలేనట. కూతుర్ని ఆపితేనే మల్లమ్మకు కిరీటమని పాస్టరు షరతు పెట్టాడు.

"ఇయ్యాల ఇల్లు కదలదు అయ్యగారు, ఒట్టేసింది" అని చెప్పి కిరీటం పెట్టుకుంది పాపం.

పాస్టరు అగ్నిగుండం గురించి మొదలుపెట్టాడో లేదో, బయట నినాదాలు, లాఠీల చప్పుడు, ఢామ్మని ఏదో పేలింది. కళ్లు మండించే పొగ లోపలికి పాకింది. మా మందిరం ఒకప్పటి కొట్టే కాబట్టి, ఆయన గాభరాగా దాని షట్టరు దించమన్నాడు. దించీ దించగానే దాని మీద దబదబా చేతులు.

"అమ్మా! నేనే! పోలీసులొస్తున్నరు, షట్టర్ ఎత్తు!"

మల్లమ్మ దిగ్గున లేచింది.

"కూర్చో!" అన్నాడు సింహాసనం మీద నుంచి. "దేవుడు మూసిన తలుపది. తీశావా, తల్లీ కూతుళ్లిద్దరూ అగ్నిగుండంలోకే!"

"దేవుడేడ మూసిండు అయ్యగారు? నువ్వు మూయిస్తివి గద, గిప్పుడే!"

కిరీటం పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. పర్రుమని కొంగు చిరిగింది, తల బయటపడింది. కిరీటం కింద పడేసి షట్టరు దగ్గరికి ఉరికింది. ఒక పక్క ఆమె, ఒక పక్క నేను ఎత్తితే, పిల్ల సందులోంచి లోపలికి దొర్లింది. వెంటనే దించేశాం. ఆ కాసిని పొగకే మా పాస్టరు దగ్గుకుంటూ వెనక బాత్రూములో దూరి గడియ పెట్టుకున్నాడు.

ఖాళీగా ఉన్నది సింహాసనమే కదా, పిల్లను దాని మీద కూర్చోబెట్టాం. నేను మొహం మీద నీళ్లు కొడుతుంటే మిగతా పెద్దలంతా చుట్టూ చేరి కొంగులతో విసిరారు.

"ఒట్టు తప్పిన, అమ్మా."

"నోర్ముయ్యి బిడ్డా. కండ్లు నలుపుకోకు."

అంతా సద్దుమణిగాక అయ్యగారు తడి చేతిరుమాలుతో బయటికొచ్చాడు. ముందు కుర్చీ వైపు చూశాడు, తర్వాత నేలవైపు.

"కిరీటం తొక్కి పాడుచేశారు, మల్లమ్మా!"

"పోనియ్యి అయ్యగారు. పెద్దలు పడెయ్యాలె అని మొదలు చెప్పింది నువ్వే గద."

నేను చేతులెత్తి నా పిన్నీసులు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాను.